కింద పడ్డాక బంతి ఎవరిది?

2023 అక్టోబర్ 14 రాత్రి, పారిస్ పక్కనే ఉన్న స్టాడ్ డి ఫ్రాన్స్ మైదానం. రగ్బీ ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్. న్యూజిలాండ్ 28, ఐర్లాండ్ 24. ఆట చివరికొచ్చేసింది, బంతి ఐర్లాండ్ దగ్గరుంది. నాలుగు పాయింట్లు వెనకబడ్డారు కాబట్టి మూడు పాయింట్ల పెనాల్టీ కిక్కుతో పని జరగదు, ట్రై కావాల్సిందే, అంటే గీత దాటి బంతిని నేలకి ఆనించి ఐదు పాయింట్లు తెచ్చుకోవాలి. ఒకడు బంతిని పొట్టకి అదుముకుని న్యూజిలాండ్ వాళ్ల నల్ల జెర్సీల వరస మీదికి ఉరుకుతాడు, పడతాడు. ఇద్దరు ముగ్గురు వెనక నుంచి వచ్చి అతని మీదుగా వంగి బంతికి కాపు కాస్తారు. ఇంకొకడు అందుకుని మళ్లీ ఉరుకుతాడు. ఇలా పది సార్లు, ఇరవై సార్లు, ముప్పై సార్లు. గడియారం 80 నిమిషాలు దాటిపోయింది. రగ్బీలో టైమ్ అయిపోగానే ఆట ఆగదు, బంతి ఆటలో ఉన్నంతసేపూ నడుస్తూనే ఉంటుంది. 37వ సారి ఐర్లాండ్ ఆటగాడు కింద పడ్డప్పుడు 35 ఏళ్ల శామ్ వైట్‌లాక్ కాళ్ల మీద నిలబడే నడుం వంచి, ఆ బంతి మీద రెండు చేతులూ వేశాడు. కింద ఉన్నవాడు బంతిని వదల్లేకపోయాడు. రిఫరీ వేన్ బార్న్స్ ఈల ఊదాడు. పెనాల్టీ న్యూజిలాండ్‌కి. ఐర్లాండ్ కెప్టెన్ జానీ సెక్స్‌టన్‌కి అదే ఆఖరి మ్యాచ్ అయింది.

నా పక్కన కూర్చుని చూస్తున్న స్నేహితుడికి సాకర్ అంటే ప్రాణం. రగ్బీ చూడటం అతనికి కొత్త. ఈల వినపడగానే నా వైపు తిరిగి, "ఐదు నిమిషాల నుంచీ బంతి వాళ్ల దగ్గరే ఉంది కదరా. కింద పడ్డంత మాత్రాన ఎందుకు వదిలేయాలి? వాడిదేగా బంతి?" అన్నాడు.

ఆ ప్రశ్నకి అప్పటికప్పుడు ఏదో జవాబు చెప్పాను గానీ, ఆ తర్వాత దాని గురించి చాలా ఆలోచించాను. ఫుట్‌బాల్ అనే ఇంటిపేరు పెట్టుకున్న ఆటలు ప్రపంచంలో అరడజను పైనే ఉన్నాయి. బంతి ఆకారం, ఆటగాళ్ల సంఖ్య, గోల్ స్తంభాలు, హెల్మెట్లు, ఇవన్నీ కంటికి కనిపించే తేడాలు. ఈ ఆటల్ని లోపల్నుంచి విడదీసింది మాత్రం నా స్నేహితుడు అడిగిన ప్రశ్నే. బంతి ఉన్నవాణ్ణి ఆపేశాక, ఆ బంతి ఎవరిది?

ముందుగా పేరు సంగతి. మనలో చాలామందికి ఫుట్‌బాల్ అంటే ఒకే ఆట. కానీ రగ్బీ సంఘం అసలు పేరు రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్. 1873లో కలకత్తాలో మొదలైన కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ ఆడింది కూడా రగ్బీయే. ఆ క్లబ్ మూతపడ్డప్పుడు ఖాతాలో మిగిలిన వెండి రూపాయల్ని కరిగించి చేయించిన కప్పు కోసమే ఇంగ్లండ్, స్కాట్లండ్ ఇప్పటికీ ఏటా తలపడతాయి. సాకర్ అన్నది అమెరికా వాళ్లు పెట్టిన పేరని కొందరు కోప్పడతారు గానీ, అది ఇంగ్లండ్ విద్యార్థులు అసోసియేషన్ ఫుట్‌బాల్‌లోని అసోసియేషన్‌ని విరిచి పెట్టుకున్న ముద్దుపేరు. ఈ వ్యాసంలో గందరగోళం లేకుండా ఉండటానికి ఆ ఆటని సాకర్ అనే అంటాను. ఒక్క రగ్బీ అని రాస్తే 15 మంది ఆడే రగ్బీ యూనియన్ అని అర్థం.

విడిపోయిన రోజు

19వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో ఒక్కో బడిలో ఒక్కో రకం ఫుట్‌బాల్ ఉండేది. రగ్బీ అనే ఊళ్లోని బడిలో బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తడం అలవాటు. 1845లో ఆ బడి విద్యార్థులే తమ ఆటకి నియమాలు రాసుకున్నారు. 1823లో విలియం వెబ్ ఎలిస్ అనే కుర్రాడు సాకర్ ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి బంతి చేతిలోకి తీసుకుని పరిగెత్తాడని, అలా రగ్బీ పుట్టిందని ఒక కథ ఉంది. ప్రపంచకప్‌కి కూడా అతని పేరే పెట్టారు. అయితే ఆ కథ బయటికి వచ్చింది 1876లో, ఎలిస్ చనిపోయిన నాలుగేళ్ల తర్వాత. సాక్ష్యం ఏమీ లేదు. పైగా 1823 నాటికి సాకర్ అనే ఆటే లేదు.

అసలు చీలిక 1863లో జరిగింది. ఆ ఏడాది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా లండన్‌లోని ఫ్రీమేసన్స్ టావెర్న్‌లో కొన్ని క్లబ్బులు వరసగా సమావేశమై, అందరికీ ఒకే నియమావళి రాసుకుందామని కూర్చున్నాయి. మొదటి ముసాయిదాలో బంతి పట్టుకుని పరిగెత్తడం ఉంది. అలా పరిగెత్తేవాడి మోకాలి కింద ఎముక మీద తన్ని ఆపడం కూడా ఉంది. చివరికి రెండింటినీ కొట్టేశారు. అది నచ్చని బ్లాక్‌హీత్ క్లబ్ బయటికి నడిచింది. ఎనిమిదేళ్లకి, 1871లో, 21 క్లబ్బులు కలిసి రగ్బీ యూనియన్ పెట్టుకున్నాయి. అప్పుడు రాసుకున్న నియమాల్లో కాళ్ల మీద తన్నడాన్ని వాళ్లే నిషేధించారు. దేని గురించి అంత గొడవ పడ్డారో అది ఎనిమిదేళ్లు కూడా నిలవలేదు. నిలిచింది బంతిని చేత్తో మోయడం.

చేత్తో మోయొచ్చు అన్న ఒక్క ముక్క చాలా పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. సాకర్‌లో బంతి ఎప్పుడూ కాళ్ల దగ్గర నేల మీదే ఉంటుంది. మెస్సీ దగ్గరున్నా సరే, ఎదుటివాడు కాలు పెట్టి లాక్కునే అవకాశం క్షణక్షణం ఉంటుంది. బంతి ఎవరిదన్న ప్రశ్న అక్కడ విడిగా పుట్టదు. రెండు చేతులతో గుండెకి హత్తుకున్న బంతిని మాత్రం ఎదుటివాడు తీసుకోవాలంటే మనిషినే పడగొట్టాలి. పడగొట్టాక ఏం చేయాలి? ఒక్కో ఆట ఒక్కో జవాబు చెప్పింది.

నేల మీద మూడు సెకన్లు

రగ్బీ జవాబు ఇది: పడ్డాక బంతి ఎవరిదీ కాదు, మళ్లీ సంపాదించుకోవాలి.

దగ్గర్నుంచి చూద్దాం. బంతి ఉన్నవాణ్ణి పట్టి నేల మీద పడేశారు. ఆ క్షణం నుంచీ ఒకేసారి మూడు నాలుగు నియమాలు పని చేస్తాయి. పడినవాడు వెంటనే బంతిని వదలాలి, అంటే ఎవరికైనా అందించడమో, చెయ్యి చాపి తన జట్టు వైపు నేల మీద పెట్టడమో చేయాలి. పడేసినవాడు కూడా అతన్ని వదిలేసి పక్కకి జరగాలి. కొత్తగా వచ్చేవాళ్లు పక్కల నుంచి దూరకూడదు, తమ వైపు నుంచి, బంతి వెనక నుంచి రావాలి. పడిపోకుండా సొంత కాళ్ల మీద నిలబడి ఉండాలి. అలా నిలబడి, ఎవరికన్నా ముందు బంతి మీద చేతులు వేసినవాడికి దాన్ని లాక్కునే హక్కు ఉంటుంది. ఈ పని చేసేవాణ్ణి రగ్బీ జనం జాకల్ అంటారు. అంటే నక్క. వైట్‌లాక్ ఆ రాత్రి చేసింది అదే.

జాకల్ చేతులు పడేలోపే బంతి ఉన్న జట్టువాళ్లు వచ్చి అతన్ని నెట్టేయాలి. రెండు జట్ల నుంచి కనీసం ఒక్కొక్కరు నిలబడి, నేల మీదున్న బంతికి పైన ఒకరినొకరు తాకారంటే రక్ ఏర్పడినట్టు. ఇక అక్కడ చేతులు కొత్తగా వేయకూడదు, నెట్టుకోవడమే. మిగతా అందరూ ఆ రక్‌లో తమ జట్టు ఆఖరి మనిషి పాదం వెనకే నిలబడాలి. దాటి ముందుకొస్తే ఆఫ్‌సైడ్. మంచి జట్టు ఇదంతా మూడు సెకన్లలోపే ముగించి బంతిని స్క్రమ్‌హాఫ్, అంటే రక్‌లోంచి బంతి తీసి మిగతావాళ్లకి అందించే ఆటగాడి, చేతికి అందిస్తుంది. మూడు ఆరయిందంటే ఎదుటి జట్టు వరస సర్దుకున్నట్టే.

కొత్తగా చూసేవాళ్లకి ఇదంతా మనుషుల కుప్పలా కనిపిస్తుంది. ఈల ఎందుకు మోగిందో అర్థం కాదు. రిఫరీకి మైక్ ఉంటుంది, టీవీలో అతని మాటలు వినపడతాయి. "రిలీజ్", "రోల్ అవే", "యూజ్ ఇట్" అని ఆటగాళ్లని ముందే హెచ్చరిస్తుంటాడు. నా మట్టుకు నేను రగ్బీ నేర్చుకున్నది నియమాల పుస్తకం చదివి కాదు, ఆ మైక్ విని. కొత్తగా చూడాలనుకునేవాళ్లకి నేనిచ్చే సలహా కూడా అదే. కామెంటరీ కన్నా రిఫరీ మాట మీద చెవి పెట్టండి.

రెండు ఆటలు, ఒకే మలుపు

ఇదే ప్రశ్నకి రగ్బీ లీగ్ వేరే జవాబు ఇచ్చింది. దాని పుట్టుక డబ్బుతో ముడిపడి ఉంది. ఉత్తర ఇంగ్లండ్‌లో రగ్బీ ఆడేవాళ్లలో ఎక్కువమంది గని కార్మికులు, మిల్లు కార్మికులు. శనివారం మ్యాచ్ ఆడితే ఆ రోజు కూలి పోతుంది. ఆ పోయిన కూలి ఇప్పించమని అడిగితే యూనియన్ ఒప్పుకోలేదు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై వేరుపడ్డాయి. ఈ విషయంలో నా మనసు పూర్తిగా ఆ కార్మికుల వైపే ఉంటుంది. ఆడినందుకు డబ్బు తీసుకోకూడదన్న కట్టుబాటుని యూనియన్ ఎత్తేసింది 1995లో, అంటే సరిగ్గా వందేళ్లకి.

డబ్బులివ్వాలంటే టికెట్లు అమ్ముడుపోవాలి, ఆట వేగంగా ఉండాలి. అందుకని 1906లో లీగ్ వాళ్లు జట్టుని 13 మందికి తగ్గించారు. పడ్డాక నేల మీద పోరాటం తీసేశారు. ట్యాకిల్ అయినవాడు, అంటే ఎదుటివాళ్లు పట్టి ఆపినవాడు, లేచి నిలబడి బంతిని కాలితో వెనక్కి దొర్లిస్తాడు, ఆట సాగుతుంది. అంటే పడ్డా బంతి వాళ్లదే. ఇది వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ బంతి ఒకసారి చేతికొచ్చిన జట్టు పొరపాటు చేయనంతకాలం దాన్ని అట్టేపెట్టుకోవచ్చు. ఎదుటివాళ్లు ఎంతసేపని చూస్తూ ఊరుకుంటారు? ఆ చిక్కు తీరడానికి 60 ఏళ్లు పట్టింది. 1966లో నాలుగు ట్యాకిల్స్ దాకానే అని హద్దు పెట్టారు, 1970ల మొదట్లో దాన్ని ఆరు చేశారు. ఇప్పుడు లీగ్ అంటేనే ఆరు ట్యాకిల్స్ లెక్క.

సముద్రానికి అవతల అమెరికాలో ఇదే కథ అంతకు ముందే జరిగిపోయింది. 1874లో కెనడా నుంచి మెక్‌గిల్ విశ్వవిద్యాలయం జట్టు వచ్చి హార్వర్డ్‌తో రగ్బీ తరహా ఆట ఆడింది. అమెరికన్ కాలేజీలకి అది నచ్చింది. కానీ స్క్రమ్‌లో, అంటే రెండు జట్ల వాళ్లూ గుంపుగా పట్టుకుని బంతి కోసం నెట్టుకునే చోట, బంతి ఎటు వస్తుందో తెలియకపోవడం యేల్ విశ్వవిద్యాలయం ఆటగాడు వాల్టర్ క్యాంప్‌కి నచ్చలేదు. 1880లో అతని ప్రతిపాదనతో స్క్రమ్ బదులు, బంతి ఒక జట్టుదే అని తేల్చి వెనక్కి అందించే పద్ధతి వచ్చింది. మరుసటి ఏడాదే ప్రిన్స్‌టన్, యేల్ జట్లు తలపడ్డప్పుడు ఒక జట్టు ఒక సగమంతా, రెండో జట్టు రెండో సగమంతా బంతిని అట్టిపెట్టుకుని కూర్చున్నాయి. 0-0. చూడ్డానికి వచ్చినవాళ్లకి చిరాకు పుట్టింది. 1882లో క్యాంపే దానికీ మందు కనిపెట్టాడు: మూడు ప్రయత్నాల్లో ఐదు గజాలు సాధించకపోతే బంతి ఇచ్చేయాలి. ఆ ఐదు గజాలు కొలవడానికి మైదానమంతా గీతలు గీశారు. ఇప్పుడది నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు.

ఈ రెండు ఆటల్నీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. ఒకటి ఇంగ్లండ్ మిల్లు పట్టణాల్లో, ఇంకొకటి అమెరికా కాలేజీల్లో, వేర్వేరు కాలాల్లో పెరిగాయి. రెండూ పడ్డవాడికి బంతి ఖాయం చేశాయి. ఖాయం చేసిన పాపానికి రెండూ లెక్కపెట్టాల్సి వచ్చింది. బంతికి భరోసా ఇస్తే గడువు పెట్టక తప్పదు. రగ్బీ యూనియన్‌లో గడువు లేదు, ఎందుకంటే భరోసా లేదు. ఐర్లాండ్ 37 సార్లు ముందుకు దూకగలిగింది కూడా అందుకే, 37వ సారి పోగొట్టుకున్నదీ అందుకే. అదే లీగ్ అయితే ఆరో ట్యాకిల్‌తో, అమెరికన్ ఫుట్‌బాల్ అయితే పది గజాలు రాని నాలుగో ప్రయత్నంతో కథ ముగిసేది.

మ్యాచ్ ఆఖర్లో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో గెలుస్తున్న జట్టు చివరి నిమిషాల్లో బంతి అందుకుని ఒక మోకాలు నేలకి ఆనిస్తే చాలు, గడియారం నడుస్తుంది, ఎదుటివాళ్లు చేసేదేమీ లేదు. రగ్బీలో రెండు పాయింట్ల ఆధిక్యంతో చివరి నిమిషం గడపాలంటే ప్రతి రక్‌లోనూ బంతిని పణంగా పెట్టాల్సిందే. ఆ నిమిషంలో పడే టెన్షన్ నాకు ఇంకే ఆటలోనూ దొరకలేదు.

ఆస్ట్రేలియా వాళ్ల సొంత ఫుట్‌బాల్ అయిన ఆస్ట్రేలియన్ రూల్స్ జవాబు మూడో రకం. మెల్బోర్న్‌లో 1859లో నియమాలు రాసినవాళ్లలో టామ్ విల్స్ ఒకడు, అతను చదువుకున్నది రగ్బీ బడిలోనే. ఆ ఆటలో వదిలించుకునే అవకాశం ఉండి కూడా బంతి పట్టుకుని దొరికిపోతే తప్పు నీదే, ఫ్రీ కిక్ ఎదుటివాడికి. కాలితో తన్నడమో, ఒక అరచేతిలో పెట్టి రెండో చేతి పిడికిలితో గుద్ది అందించడమో ముందే చేసుండాల్సింది. ఐర్లాండ్‌లో ఆడే గేలిక్ ఫుట్‌బాల్ అయితే చిక్కుని మొదట్లోనే తుంచేసింది. అక్కడ మనిషిని పట్టి పడేయకూడదు, తెరిచిన అరచేత్తో బంతినే కొట్టాలి. బంతి ఉన్నవాడు నాలుగడుగులు దాటి మోయకూడదు, నేలకి కొట్టడమో కాలి వేళ్లతో పైకి తన్నుకోవడమో చేయాలి. గుండ్రటి బంతి, జట్టుకి 15 మంది. ఇప్పటికీ అందరూ డబ్బు తీసుకోకుండానే ఆడతారు.

బంతి ముందు ఎవరుండాలి

రెండో పెద్ద తేడా ఆఫ్‌సైడ్. రగ్బీలో చేత్తో బంతిని ముందుకి అందించకూడదని అందరికీ తెలుసు. ఎందుకన్నది తక్కువమంది అడుగుతారు. 1863లో రాసిన మొట్టమొదటి సాకర్ నియమాల్లో కూడా బంతికి ముందున్న సొంత జట్టువాళ్లందరూ ఆఫ్‌సైడే. అప్పట్లో రెండు ఆటలకీ ఒకటే ఊహ: బంతి ముందు నడుస్తుంది, జట్టు వెనక నడుస్తుంది. సాకర్ 1866లో దాన్ని సడలించి, గోల్ వైపు ఎదుటి జట్టువాళ్లు ముగ్గురుంటే చాలంది. 1925లో ఇద్దరంది. ఆ సడలింపులోంచే ముందుకి పాస్, దూరంగా నిలబడి ఎదురుచూసే స్ట్రైకర్, ఇప్పటి సాకర్ అందమంతా పుట్టింది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో 1905 సీజన్‌లో ఆటగాళ్లు చనిపోవడంతో దేశమంతా గోల పుట్టింది. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధుల్ని పిలిపించి మాట్లాడాడు. ఒకరినొకరు అల్లుకుని తోసుకునే ఆటని విడదీయడానికి 1906లో ముందుకి విసిరే పాస్‌ని అనుమతించారు. ఆ పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ అనే మహారాజు అలా వచ్చాడు. ఆస్ట్రేలియన్ రూల్స్‌లో ఆఫ్‌సైడ్ అసలే లేదు, మైదానమంతా ఎక్కడైనా నిలబడొచ్చు.

పాత ఊహని వదలకుండా పట్టుకున్నవి రెండు రగ్బీలు. బంతి ఉన్నవాడే జట్టులో అందరికన్నా ముందుండేవాడు. ముందుకెళ్లాలంటే దారులు రెండే, మోసుకెళ్లడం లేదా తన్నడం. చేయి జారి బంతి ముందుకి పడితే నాక్-ఆన్, స్క్రమ్ ఎదుటివాళ్లకి. పాస్ వెనక్కే వెళ్లిందా లేదా అన్నది అభిమానుల మధ్య తెగని తగువు. పరుగులో ఉన్నవాడు వెనక్కి విసిరినా, అతని వేగం వల్ల బంతి నేల లెక్కన కొంచెం ముందుకి జరగొచ్చు. అందుకే రిఫరీలు బంతి ఎక్కడ పడిందో కాదు, చేతుల్లోంచి ఎటు వెళ్లిందో చూస్తారు. కదిలే రైల్లో కూర్చుని వెనక సీటువాడికి ఏదైనా విసిరితే అది పట్టాల లెక్కన ముందుకే పోతుంది. ఇదీ అంతే.

సాకర్ అభిమానులు నన్ను ఎక్కువగా అడిగేది ఇంకొకటి ఉంది: బంతి చేతిలో ఉంటే దాన్ని తన్ని ఎదుటివాళ్లకి ఎందుకు ఇచ్చేస్తారు? దీనికి జవాబు రక్‌లోనే ఉంది. సొంత గోల్ దగ్గర పడి, వదలడం ఒక్క క్షణం ఆలస్యమైతే పెనాల్టీ, అంటే ఎదుటివాళ్లకి సులువుగా మూడు పాయింట్లు. అదే పొరపాటు మైదానం అవతలి కొసన చేస్తే పోయేది కొద్ది దూరమే. కాబట్టి ముందు ఆట ఎక్కడ జరగాలో తేల్చుకుని, తర్వాత బంతి సంగతి చూస్తారు. అయితే ఇది మితిమీరితే చూడ్డానికి విసుగే, నేనూ ఒప్పుకుంటాను. దానికి విరుగుడుగా 2021లో లీగ్ నుంచి ఒక ఆలోచన తెచ్చుకున్నారు. సొంత సగంలోంచి తన్నిన బంతి మైదానంలో నేలకి తగిలాక ఎదుటివాళ్ల 22 మీటర్ల గీత లోపల పక్క గీత దాటి బయటికి వెళ్తే, లైనవుట్‌లో, అంటే బయటికి పోయిన బంతిని రెండు వరసల మధ్యకి తిరిగి విసిరే చోట, బంతి వేసేది తన్నిన జట్టే. ఆ కిక్కుకి భయపడి రక్షణ వరసలోంచి ఒకరిద్దరు వెనక్కి వెళ్లాలి, ముందు ఖాళీ దొరుకుతుంది.

పాయింట్ల గురించి క్లుప్తంగా చెప్తాను. ట్రైకి 5, ఆ తర్వాత గోల్‌కి తన్నే కన్వర్షన్‌కి 2, పెనాల్టీకి, ఆట నడుస్తుండగా బంతిని నేలకి వదిలి తన్నే డ్రాప్ గోల్‌కి మూడేసి. మొదట్లో ట్రైకి పాయింట్లే లేవు. గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే గోల్‌కి తన్నే ఒక ప్రయత్నం దొరికేది, ట్రై అన్న పేరు ఆ ప్రయత్నానిది. 1971లో దానికి 4 పాయింట్లు, 1992లో 5 అయ్యాయి. బంతిని నేలకి తాకించి తీరాలన్న నియమం రగ్బీలో మిగిలింది. అమెరికాలో టచ్‌డౌన్ అన్న పేరు మిగిలింది గానీ అక్కడ బంతి నేలకి తాకనక్కర్లేదు, గీత మీదుగా గాల్లో దాటినా చాలు.

శరీరాలు, దెబ్బలు

హెల్మెట్లు వేసుకున్న అమెరికన్ ఆటగాళ్లు గట్టివాళ్లా, వేసుకోని రగ్బీ ఆటగాళ్లు గట్టివాళ్లా అన్న వాదన ఎక్కడ చూసినా ఉంటుంది. నాకది పనికిరాని వాదనే. అమెరికన్ ఆటలో బంతి లేనివాళ్లని కూడా అడ్డుకోవచ్చు, గుద్దొచ్చు. ఒక్కో దాడి కొన్ని సెకన్లే, ఆ తర్వాత విరామం. కాబట్టి పూర్తి బలంతో ఒక్కసారి ఢీకొంటారు. రగ్బీలో బంతి ఉన్నవాణ్ణే పట్టాలి, చేతులు చుట్టే ప్రయత్నం చేయాలి, ఉత్త భుజంతో గుద్దితే శిక్ష. కానీ ఆ పట్టినవాడే లేచి పది సెకన్లలో మళ్లీ పట్టాలి. ఒకటి పేలుడు, ఇంకొకటి గంటకి పైగా సాగే కూలిపని. రెండూ శరీరాన్ని తినేస్తాయి.

ఆ తినేయడం గురించి అభిమానులం మౌనంగా ఉండకూడదు. 2003లో ప్రపంచకప్ గెలిచిన ఇంగ్లండ్ జట్టులో హుకర్‌గా, అంటే స్క్రమ్ ముందు వరస మధ్యలో ఆడిన స్టీవ్ థామ్సన్, నలభైల్లోనే డిమెన్షియా వచ్చిందని, ఆ ఫైనల్ ఆడినట్టు తనకి గుర్తే లేదని 2020లో బయటికి వచ్చి చెప్పాడు. నేను ఆ ఫైనల్ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ మాట విన్నాక చూడటం మునుపటిలా లేదు. ఇప్పుడు తలకి తగిలే ట్యాకిల్‌కి రెడ్ కార్డు దాకా ఇస్తున్నారు, అనుమానం వస్తే ఆటగాణ్ణి బయటికి తీసుకెళ్లి పరీక్షిస్తున్నారు, పెద్ద స్థాయి ఆటలో దెబ్బ తీవ్రతని కొలిచే మౌత్‌గార్డులు వచ్చాయి. రెడ్ కార్డులు ఆటని పాడుచేస్తున్నాయని విసుక్కునే తోటి అభిమానులతో నేను ఏకీభవించను. ఇంకా గట్టిగా ఉండాలనే అంటాను.

రగ్బీని ప్రేమించడానికి నాకున్న పెద్ద కారణం మాత్రం ఇందులో రకరకాల శరీరాలకి చోటుండటం. స్క్రమ్ ముందు వరసలో నిలబడే ప్రాప్ 120 కిలోల దాకా ఉంటాడు. లైనవుట్‌లో గాల్లోకి లేచే లాక్ ఆరున్నర అడుగులుంటాడు. వాళ్ల పక్కనే మైదానం అంచున పరిగెత్తే దక్షిణాఫ్రికా వింగర్ చెస్లిన్ కోల్బీ, ఐదడుగుల ఏడంగుళాల మనిషి, 2019 ఫైనల్‌లో ఇంగ్లండ్ కెప్టెన్ ఓవెన్ ఫారెల్‌ని పక్కకి తప్పించి ట్రై చేశాడు. స్క్రమ్‌ని చాలామంది టైమ్ వేస్ట్ అంటారు. లీగ్‌లో అది పేరుకే మిగిలింది. కానీ 16 మంది భారీ మనుషుల్ని ఒక్కచోట కట్టిపడేసేది స్క్రమే. మిగతా మైదానమంతా ఖాళీ అవుతుంది, కోల్బీ లాంటివాడికి పరిగెత్తే జాగా దొరుకుతుంది.

ఒక లోటు కూడా చెప్పాలి. రగ్బీలో బలమైన జట్టు దాదాపు ప్రతిసారీ గెలుస్తుంది. సాకర్‌లో 90 నిమిషాల్లో ఒక్క గోల్ పడితే చాలు, చిన్న జట్టు పెద్ద జట్టుని ఓడించేయొచ్చు. రగ్బీలో స్క్రమ్, లైనవుట్, రక్, వందల చిన్న చిన్న పోటీలు జరుగుతాయి. అన్నిటిలోనూ అదృష్టం కలిసిరాదు. 1987 నుంచి 2023 దాకా జరిగిన 10 పురుషుల ప్రపంచకప్పులూ నాలుగు దేశాలకే దక్కాయి: దక్షిణాఫ్రికా 4, న్యూజిలాండ్ 3, ఆస్ట్రేలియా 2, ఇంగ్లండ్ 1. సాకర్ అభిమానులు ఈ మాటంటే నా దగ్గర జవాబు లేదు. ఒకే ఒక్క మ్యాచ్ పేరు చెప్తాను.

2015 సెప్టెంబర్ 19, ఇంగ్లండ్‌లోని బ్రైటన్. అంతకుముందు ఏడు ప్రపంచకప్పుల్లో కలిపి ఒక్క మ్యాచే గెలిచిన జపాన్, రెండుసార్లు ఛాంపియన్ అయిన దక్షిణాఫ్రికా మీద 29-32తో వెనకబడి ఉంది. టైమ్ అయిపోవచ్చింది. పెనాల్టీ దొరికింది. గోల్‌కి తన్నితే మూడు పాయింట్లు, డ్రా. దక్షిణాఫ్రికాతో డ్రా అంటే జపాన్‌కి అదే పెద్ద పండగ. కెప్టెన్ మైకేల్ లీచ్ స్క్రమ్ కావాలన్నాడు. దక్షిణాఫ్రికా భారీ స్క్రమ్‌కి ఎదురుగా నిలబడి, బంతిని మళ్లీ పణంగా పెట్టాడు. ఆ తర్వాత రక్ మీద రక్, ఒక్క దాంట్లో చేయి జారినా ఓటమే. 84వ నిమిషంలో బంతి ఎడమ అంచుకి చేరింది, కార్న్ హెస్కెత్ మూలలో గీత మీద పడి దాన్ని నేలకి ఆనించాడు. 34-32.

నా స్నేహితుడికి ఈ మ్యాచ్ ఆఖరి పది నిమిషాలు చూపించాను, ఐర్లాండ్ ఓడిన వారం తర్వాత. డ్రా ఎందుకు వద్దన్నాడో అతను అడగలేదు. అప్పటి నుంచీ వీలైనప్పుడల్లా కలిసి చూస్తున్నాం. మొన్న ఒక మ్యాచ్‌లో రక్ దగ్గర మనుషులు మూగారు, నేనింకా బంతి ఎక్కడుందా అని వెతుకుతున్నాను. అతను కుర్చీ అంచుకి జరిగి, "వదల్లేదు, వదల్లేదు, వాడు వదల్లేదు" అన్నాడు. ఈల ఆ తర్వాత మోగింది.